గాలి లేని చోట మెరుపు.. మాగ్నెట్‌తో ఆగుతుందా?

బీటెక్ పూర్తయిన ఏడాది ఒక చిన్న స్పేస్ కంపెనీలో ఇంటర్వ్యూకి వెళ్లాను. ప్రాజెక్టు రిపోర్టు తిరగేసిన మేడమ్ ఒకే ప్రశ్న అడిగారు. ‘‘మీ బోర్డు మీద 400 వోల్టులు ఉన్నాయి. రెండు కండక్టర్ల మధ్య ఒక సెంటీమీటరు ఖాళీ. ల్యాబ్‌లో బ్రహ్మాండంగా పనిచేసింది. దీన్నే రాకెట్‌లో పెట్టి పంపితే ఏ ఎత్తులో మాడిపోతుంది?’’

నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ‘‘పైకెళ్తే గాలే ఉండదు కదా మేడమ్, స్పార్క్ ఎలా వస్తుంది?’’ అన్నాను.

ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు. ‘‘సరే, పక్కన మాగ్నెట్ పెడితే?’’ అన్నారు. దానికి నా దగ్గర జవాబే లేదు. ఉద్యోగమూ రాలేదు.

బస్సులో తిరిగొస్తూ ఫోన్‌లో వెతకడం మొదలుపెట్టాను. ఆ రెండు ప్రశ్నలకి జవాబులు తెలుసుకోవడానికి చాలా రోజులే పట్టింది. మీకు అన్ని రోజులు పట్టకూడదని ఇది రాస్తున్నాను. ఈఈఈ, ఈసీఈ వాళ్లకే కాదు, ఫిజిక్స్ చదివిన డిగ్రీ విద్యార్థులకీ పనికొచ్చే సంగతి ఇది.

నేల మీద ధైర్యం, పైన భయం

ముందు బ్రేక్‌డౌన్ అంటే ఏమిటో చూద్దాం. రెండు లోహాల మధ్య వోల్టేజీ పెట్టారు. మధ్యలో గాలి. అక్కడెక్కడో తిరుగుతున్న ఒక ఎలక్ట్రాన్ ఆ వోల్టేజీకి పరుగు అందుకుంటుంది. దారిలో గాలి అణువును గట్టిగా ఢీకొడితే అందులోంచి ఇంకో ఎలక్ట్రాన్ ఊడి వస్తుంది. ఒకటి రెండు, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది.. ఇలా పెరిగి గాలే తీగలా మారిపోతుంది. అదే స్పార్క్.

సంక్రాంతి ముందు రోజు హైదరాబాద్ ఎంజీబీఎస్ బస్టాండ్‌ని ఊహించుకోండి. ఆ రద్దీలో పరుగెత్తాలన్నా కుదరదు. రెండడుగులు వేయగానే ఎవరో ఒకరు తగులుతారు. తగిలినా వేగం ఉండదు కాబట్టి ఎవరూ పడిపోరు. నేల మీది గాలి అలాంటిది. అర్ధరాత్రి బస్టాండ్ ఖాళీ అయ్యాక ఎంత వేగంగానైనా పరుగెత్తొచ్చు, కానీ ఢీకొనడానికి మనిషే దొరకడు. అది శూన్యం. అసలు ప్రమాదం మధ్యలో ఉంది. పరుగు అందుకునేంత ఖాళీ, ఢీకొట్టేంత జనం రెండూ ఉన్న సమయమది.

జర్మన్ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ పాషెన్ 1889లో తేల్చింది ఇదే. బ్రేక్‌డౌన్ వోల్టేజీ పీడనం మీద ఒక్కదాని మీదే కాదు, పీడనాన్ని దూరంతో గుణిస్తే వచ్చే విలువ మీద ఆధారపడుతుంది. గ్రాఫ్ గీస్తే ఎడమ వైపు ఎత్తు, కుడి వైపు ఎత్తు, మధ్యలో లోయ వస్తుంది. గాలికి ఆ లోయ అడుగు సుమారు 327 వోల్టులు. పీడనాన్ని పాస్కల్స్‌లో, దూరాన్ని మీటర్లలో తీసుకుంటే అప్పుడు ఆ గుణకారం విలువ దాదాపు 0.75 ఉంటుంది.

ఇక మేడమ్ ప్రశ్నకి లెక్క కట్టండి. ఖాళీ ఒక సెంటీమీటరు, అంటే 0.01 మీటరు. అప్పుడు ప్రమాదకర పీడనం 75 పాస్కల్స్. వాతావరణంలో ఆ పీడనం ఉండేది సుమారు 50 కిలోమీటర్ల ఎత్తులో. ఖాళీ ఒక మిల్లీమీటరే అయితే 750 పాస్కల్స్, అంటే దాదాపు 33 కిలోమీటర్లు. నా బోర్డు మీద 400 వోల్టులు ఉన్నాయి, అక్కడ 327 చాలు. సీల్ చేయని బోర్డును ఆన్‌లో పెట్టి పంపితే 50 కిలోమీటర్ల దగ్గర కథ ముగిసినట్టే!

ఇంకో సంగతి. మన ఇంటి కరెంటు 230 వోల్టులు అంటాం కదా, దాని శిఖర విలువ 325 వోల్టులు. లోయ అడుగుకి రెండే వోల్టులు తక్కువ. మనం మామూలు అనుకునే వోల్టేజీ అక్కడ ఎంత అంచు మీద ఉంటుందో చూడండి.

అందుకే ఉపగ్రహాల్లోని అధిక వోల్టేజీ పరికరాలను చాలావరకు ప్రయోగ సమయంలో ఆపేసి ఉంచుతారు. కక్ష్యలోకి వెళ్లి, లోపల చిక్కుకున్న గాలి అంతా బయటికి పోయాకే ఆన్ చేస్తారు. పెట్టెలకు గాలి పోయే రంధ్రాలు పెడతారు. అధిక వోల్టేజీ భాగాలను రెజిన్‌లాంటి పదార్థంలో బుడగ లేకుండా ముంచేస్తారు. ఒక్క బుడగ మిగిలినా అదే చిన్న పాషెన్ లోయ అవుతుంది.

ఒక చిల్లు.. తెగిన 20 కిలోమీటర్ల తీగ

పాఠంలా ఉందా? అయితే ఒక నిజమైన సంఘటన చూద్దాం. 1996 ఫిబ్రవరి. నాసా, ఇటలీ అంతరిక్ష సంస్థ కలిసి కొలంబియా షటిల్ నుంచి ఎస్‌టీఎస్-75 యాత్రలో ఒక ఉపగ్రహాన్ని తీగకు కట్టి వదిలాయి. తీగ పూర్తి పొడవు 20.7 కిలోమీటర్లు, మందం రెండున్నర మిల్లీమీటర్లు. లోపల రాగి, పైన ఇన్సులేషన్.

అయస్కాంత క్షేత్రంలో తీగ కదిలితే వోల్టేజీ పుడుతుందని ఇంటర్లో చదివాం. ఇక్కడ మాగ్నెట్ మన భూమే. షటిల్ వేగం సెకనుకు దాదాపు 7.5 కిలోమీటర్లు. క్షేత్రం 30 మైక్రోటెస్లాలు, తీగ 20 కిలోమీటర్లు అనుకుని గుణించండి. 4,500 వోల్టులు వస్తాయి. క్షేత్రం, తీగ, కదలిక ఒకదానికొకటి సరిగ్గా లంబంగా ఉండవు కాబట్టి అసలు విలువ తగ్గుతుంది. అక్కడ వచ్చింది సుమారు 3,500 వోల్టులు.

19.7 కిలోమీటర్లు విడిచాక తీగ పుటుక్కున తెగింది. ఉపగ్రహం దూరంగా తేలిపోయింది. వ్యోమగాములకు ఏమీ కాలేదు. దర్యాప్తులో తేలిందేమిటంటే, ఇన్సులేషన్‌లో ఒకచోట చిల్లు పడింది. తీగ పొరల్లో చిక్కుకున్న గాలి అందులోంచి బయటికి వస్తూ ఆర్క్‌కి దారి వేసింది. ఆ వేడికి తీగ కాలి తెగింది. బయటంతా శూన్యమే. ప్రమాదం తెచ్చింది మాత్రం మనం నేల మీది నుంచి మోసుకెళ్లిన కాస్తంత గాలి!

‘పైన గాలి ఉండదు’ అన్న నా జవాబులో తప్పు ఎక్కడుందో నాకు అర్థమైంది ఇది చదివాకే.

గానుగ ఎద్దు సూత్రం

ఇప్పుడు రెండో ప్రశ్న. మాగ్నెట్ పెడితే ఆగుతుందా?

కదిలే ఎలక్ట్రాన్ మీద అయస్కాంత క్షేత్రం పక్కకు తోస్తుంది. ముందుకు పోదామనుకున్నది వంపు తిరుగుతుంది. క్షేత్రం బలంగా ఉంటే వంపు బిగుసుకుని, ఎలక్ట్రాన్ అవతలి లోహాన్ని చేరకుండానే బయల్దేరిన వైపే తిరిగొచ్చేస్తుంది. గానుగ ఎద్దు రోజంతా నడుస్తుంది, ఊరు మాత్రం దాటదు. అలాగన్నమాట. దీన్నే మాగ్నెటిక్ ఇన్సులేషన్ అంటారు. గాలి కాదు, ప్లాస్టిక్ కాదు, క్షేత్రమే ఇన్సులేటర్.

ఎంత క్షేత్రం కావాలి? అమెరికా శాస్త్రవేత్త ఆల్బర్ట్ హల్ 1921లో మాగ్నెట్రాన్ మీద పనిచేస్తూ చూపించిన లెక్క ఇప్పటికీ అదే. సమాంతర పలకల మధ్య శూన్యంలో అయితే, వోల్టుల వర్గమూలాన్ని 3.37తో గుణించి, మిల్లీమీటర్లలో ఉన్న దూరంతో భాగించండి. జవాబు మిల్లీటెస్లాల్లో వస్తుంది. 1,000 వోల్టులు, ఒక సెంటీమీటరు ఖాళీకి సుమారు 10.7 మిల్లీటెస్లాలు. భూమి క్షేత్రం కంటే ఇది కొన్ని వందల రెట్లు ఎక్కువే అయినా, మామూలు శాశ్వత అయస్కాంతాలతో సాధించగలిగిందే. ఖాళీ సగమైతే క్షేత్రం రెట్టింపు కావాలి. వోల్టేజీ నాలుగింతలైతే క్షేత్రం రెండింతలు చాలు.

ఇది కాగితం మీది ఊహ కాదు. అమెరికాలోని శాండియా ల్యాబ్‌లో జెడ్ మెషీన్ అని ఒకటి ఉంది. క్షణంలో అతి చిన్న భాగం పాటు 2 కోట్ల ఆంపియర్లకు పైగా కరెంటును అది మధ్యలోకి పంపుతుంది. అంత శక్తిని మోసే లోహపు పలకల మధ్య ఉండేది శూన్యమే. ఆ కరెంటు పుట్టించే అయస్కాంత క్షేత్రమే ఎలక్ట్రాన్లు అడ్డంగా దూకకుండా ఆపుతుంది. దొంగ చేతికే తాళం ఇచ్చి కాపలా పెట్టినట్టు!

ఉపగ్రహాల్లో దీని అవసరం

కమ్యూనికేషన్ ఉపగ్రహాల్లో ఇంకో రకం తలనొప్పి ఉంది. పేరు మల్టిప్యాక్టర్. దీనికి గాలి అసలు అక్కర్లేదు. రేడియో తరంగాలు వెళ్లే వేవ్‌గైడ్, ఫిల్టర్ గోడల మధ్య ఎలక్ట్రాన్ అటూ ఇటూ ఊగుతుంది. గోడకు తగిలిన ప్రతిసారీ ఒకటి కంటే ఎక్కువ ఎలక్ట్రాన్లు రాలి, తరంగం దిశ మారే సమయానికి అవి సరిగ్గా అవతలి గోడను చేరితే సంఖ్య పెరుగుతూనే ఉంటుంది. ఉయ్యాల సరిగ్గా వెనక్కి వచ్చినప్పుడే తోస్తే ఎత్తు పెరుగుతుంది కదా, అదే తాళం. ఫలితంగా సిగ్నల్‌లో రొద, వేడి, చివరికి భాగం పాడవడం. ఉపగ్రహం ఎగిరాక రిపేరుకి ఎవరూ వెళ్లలేరు. అందుకే ఎగరకముందే శూన్యంలో, ఎక్కువ పవర్‌తో పరీక్షిస్తారు. యూరప్ అంతరిక్ష సంస్థకు ఈ పని కోసమే స్పెయిన్‌లోని వాలెన్సియాలో ప్రత్యేక ల్యాబ్ ఉంది.

మాగ్నెట్ ఇక్కడ ఆ తాళం తప్పిస్తుంది. ఎలక్ట్రాన్ వంపు తిరిగి, వేగం పుంజుకోకముందే బయల్దేరిన గోడకే తగిలితే కొత్త ఎలక్ట్రాన్లు పెద్దగా రాలవు. ఇలాంటి పద్ధతినే జపాన్‌లోని కేఈకేబీ యాక్సిలరేటర్‌లో పెద్ద ఎత్తున వాడారు. శూన్యపు గొట్టంలో పేరుకుపోతున్న ఎలక్ట్రాన్ మేఘాన్ని తగ్గించడానికి గొట్టం చుట్టూ తీగ చుట్టలు చుట్టి క్షేత్రం పెట్టారు. కానీ క్షేత్రం విలువ తప్పుగా ఎంచుకుంటే పాత తాళం పోయి కొత్త తాళం కుదరొచ్చు. ‘మాగ్నెట్ పెట్టాం, పనైపోయింది’ అనుకోవడానికి లేదు.

ఇదే మాగ్నెట్ తిరగబడితే?

ఇంటర్వ్యూలో మిమ్మల్ని పదిమందిలో వేరుగా నిలబెట్టేది ఈ భాగం. జాగ్రత్తగా చదవండి.

శూన్యంలో కాకుండా కాస్త గ్యాస్ ఉన్న చోట మాగ్నెట్ రెండు రకాలుగా ప్రవర్తిస్తుంది. 1958లో బ్లెవిన్, హేడన్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని ఒక్క మాటలో పట్టుకున్నారు. విద్యుత్ క్షేత్రానికి అడ్డంగా అయస్కాంత క్షేత్రం పెడితే, గ్యాస్ పీడనం పెరిగినట్టే లెక్క అన్నారు.

దీన్ని పాషెన్ లోయకు అన్వయించండి. మీరు లోయకు కుడి వైపు, అంటే ఎక్కువ పీడనం వైపు ఉన్నారనుకోండి. పీడనం ఇంకా పెరిగినట్టయితే గట్టు ఎక్కుతారు, బ్రేక్‌డౌన్ కష్టమవుతుంది. మంచిదే. కానీ ఎడమ వైపు ఉంటే? పీడనం పెరిగినట్టయితే నేరుగా లోయలోకి జారతారు. మాగ్నెట్ పెట్టడం వల్లే స్పార్క్ తేలికవుతుంది!

కారణం సులువే. ఖాళీగా ఉన్న చోట ఎలక్ట్రాన్ నేరుగా అవతలికి వెళ్లిపోతే ఏ అణువూ తగలకపోవచ్చు. మాగ్నెట్ దాన్ని గిరగిరా తిప్పితే దారి పొడవు పెరుగుతుంది. ఎంత ఎక్కువ తిరిగితే అన్ని ఢీలు. కోటింగ్ పరిశ్రమలో వాడే మాగ్నెట్రాన్ స్పటరింగ్ పనిచేసేది సరిగ్గా దీని మీదే. అక్కడ తక్కువ పీడనంలో డిశ్చార్జ్ రావాలనే మాగ్నెట్ పెడతారు. ఉపగ్రహాల్లోని హాల్ థ్రస్టర్ కూడా అంతే. ఎలక్ట్రాన్లను అయస్కాంత క్షేత్రంలో బంధించి, వాటితో జెనాన్ గ్యాస్‌ను అయాన్లుగా మార్చి వెనక్కి నెడుతుంది. 2017 మే 5న శ్రీహరికోట నుంచి ఎగిరిన జీశాట్-9లో ఇస్రో ఇలాంటి విద్యుత్ చోదక వ్యవస్థనే పరీక్షించింది. ఒకరికి శత్రువైన డిశ్చార్జ్ ఇంకొకరికి ఇంజిన్.

ఇంకో మెలిక. గ్యాస్ మరీ ఎక్కువుంటే మాగ్నెట్‌కి పనే ఉండదు. ఎలక్ట్రాన్ ఒక చుట్టు పూర్తి చేసేలోపే అణువులకు తగిలి దారి తప్పుతుంది. నా బోర్డు సంగతే చూడండి. 10 మిల్లీటెస్లాల క్షేత్రంలో 10 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉన్న ఎలక్ట్రాన్ గీసే వృత్తం వ్యాసార్థం దాదాపు ఒక మిల్లీమీటరు. 75 పాస్కల్స్ దగ్గర అంత దూరం పోయేలోపే అది ఢీకొంటుంది. కాబట్టి చిన్న మాగ్నెట్ అక్కడ అలంకారమే. ఎన్నో రెట్లు బలమైనది పెడితే ప్రభావం కనిపిస్తుంది. కానీ రాకెట్ ఇంకా పైకి పోయి పీడనం తగ్గాక అదే మాగ్నెట్ మనకు ఎదురు తిరగొచ్చు. అంటే ప్రమాదం పోలేదు, ఎత్తు మారిందంతే.

దీనికి తోడు బరువు. ఉపగ్రహంలో మాగ్నెట్ ఉంటే భూమి క్షేత్రంతో కలిసి దిక్సూచి ముల్లులా ఉపగ్రహాన్నే తిప్పబోతుంది. పక్కనే మాగ్నెటోమీటర్ ఉంటే దాని కొలతలు చెడతాయి. అందుకే ఇంజినీర్లు ముందు దూరం, గుండ్రటి అంచులు, రెజిన్, గాలి రంధ్రాలు చూస్తారు. అవి చాలని చోటే మాగ్నెట్ గురించి ఆలోచిస్తారు.

అంగారకుడి మీదికి వెళ్తే ఈ తంటా రోజూ ఉంటుంది. అక్కడి కార్బన్ డయాక్సైడ్ వాతావరణం పీడనం సుమారు 600 పాస్కల్స్. ఒక మిల్లీమీటరు ఖాళీకి దాదాపు లోయ అడుగే! మనం ప్రయోగ సమయంలో కొద్దిసేపు దాటిపోయే గండంలో అక్కడి యంత్రాలు ఏళ్ల తరబడి కాపురం చేయాలి.

మరి ఉద్యోగం సంగతి?

‘ఇదంతా తెలిస్తే ఎవరు జాబ్ ఇస్తారు?’ అని మీరు అడుగుతారని తెలుసు. ఈ జ్ఞానం పేరుతో నోటిఫికేషన్ రాదు. కానీ ఈ కింది పనులన్నిటిలో ఇది ఉంది.

స్పేస్: ఇస్రో కేంద్రాల్లో పవర్ ఎలక్ట్రానిక్స్, ఆర్‌ఎఫ్, ఎలక్ట్రిక్ ప్రొపల్షన్, థర్మోవ్యాక్ పరీక్షల విభాగాలు. హైదరాబాద్‌లోనే స్కైరూట్, ధ్రువ స్పేస్, అనంత్ టెక్నాలజీస్ లాంటి సంస్థలున్నాయి. అర్హతలు, ఎంపిక పద్ధతి ఏటా మారుతుంటాయి కాబట్టి ఆయా సంస్థల సైట్లలో నోటిఫికేషన్లే చూసుకోండి, వాట్సాప్ ఫార్వర్డులు కాదు.

పరిశోధన: గాంధీనగర్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ ప్లాస్మా రీసెర్చ్ ప్లాస్మా మీదే పనిచేస్తుంది. ఫిజిక్స్ వాళ్లకి గేట్‌తో పాటు జెస్ట్ కూడా దృష్టిలో ఉండాలి. విశాఖలోని సమీర్ కేంద్రం విద్యుదయస్కాంత ప్రభావాల మీద పనిచేస్తుంది.

నేల మీద: ఇదే పెద్ద మార్కెట్. సబ్‌స్టేషన్లలోని వ్యాక్యూమ్ సర్క్యూట్ బ్రేకర్‌లో కాంటాక్టుల ఆకారమే అయస్కాంత క్షేత్రం పుట్టించి ఆర్క్‌ని ఒకచోట నిలవనీయకుండా చేస్తుంది. ఎలక్ట్రిక్ కార్లు, సోలార్ ప్లాంట్లలో వాడే చాలా డీసీ కాంటాక్టర్లలో చిన్న మాగ్నెట్లు ఉంటాయి. ఆర్క్‌ని పక్కకు సాగదీసి ఆర్పేయడం వాటి పని. స్పేస్‌లో సీటు దొరక్కపోయినా ఈవీ కంపెనీలో ఇదే పాఠం అన్నం పెడుతుంది.

రెజ్యూమెలో చూపించడానికి ఒక ప్రాజెక్టు చెప్తాను. ఖర్చు సున్నా. పైథాన్‌లో పాషెన్ గ్రాఫ్ గీయండి. పీడనం బదులు ఎత్తు పెట్టి, ఏ ఖాళీకి ఏ ఎత్తు ప్రమాదమో చూపించండి. తర్వాత రెండు పలకల మధ్య ఒక ఎలక్ట్రాన్‌ను వదిలి, క్షేత్రం పెంచుతూ అది ఎప్పుడు వెనక్కి తిరుగుతుందో లెక్కించండి. హల్ విలువతో మీ జవాబు కలిస్తే కోడ్ సరైనట్టే. ఫెమ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మాగ్నెట్ డిజైన్ చేసి అదే ఎలక్ట్రాన్‌ని అందులో తిప్పండి. నాసా, యూరప్ సంస్థలు అధిక వోల్టేజీ డిజైన్ మీద రాసిన హ్యాండ్‌బుక్‌లు ఉచితంగానే దొరుకుతాయి. ఒక్కొక్క అధ్యాయం చదివినా చాలు.

ఒక హెచ్చరిక మాత్రం వినండి. పాత మైక్రోవేవ్ ఓవెన్ ట్రాన్స్‌ఫార్మర్‌తో హాస్టల్ గదిలో ‘ప్రయోగాలు’ వద్దు. అవి ప్రాణాలు తీస్తాయి. అధిక వోల్టేజీ పని ల్యాబ్‌లో, తెలిసిన మాస్టారి ఎదుటే చేయాలి.

ఇప్పుడు అదే ప్రశ్న అడిగితే..

ఆ మేడమ్ మళ్లీ ఎదురైతే ఇలా చెప్తాను. ‘‘50 కిలోమీటర్ల దగ్గర ప్రమాదం మేడమ్. అప్పటికి ఆఫ్‌లో ఉంచుతాను, లేదా రెజిన్‌లో సీల్ చేస్తాను. చిన్న మాగ్నెట్ ఆ ఎత్తులో పనిచేయదు, పెద్దది పెడితే గండం పైకి జరగొచ్చు. పూర్తి శూన్యంలో, ఎలక్ట్రాన్లు మాత్రమే సమస్య అయితే అప్పుడు మాగ్నెట్ గురించి మాట్లాడదాం. వోల్టేజీ, దూరం చెప్పండి, లెక్క కడతాను.’’

చూశారుగా, ఇందులో మీ సిలబస్‌లో లేని ఫార్ములా పెద్దగా ఏదీ లేదు. ఇంటర్ ఫిజిక్స్, కాస్త గుణకారం, కాస్త ఓపిక. నాకు అప్పుడు లేనిది జ్ఞానం కాదు, ‘మాకు చెప్పినది ఎక్కడిదాకా నిజం?’ అని అడిగే అలవాటు. ‘గాలి లేకపోతే స్పార్క్ రాదు’ అన్నది సగం నిజం. ‘మాగ్నెట్ పెడితే ఆగిపోతుంది’ అన్నదీ సగం నిజమే. మిగతా సగం తెలిసినవాళ్ల కోసమే ఆ కుర్చీ ఖాళీగా ఉంటుంది. ఈ ఆదివారం ల్యాప్‌టాప్ తెరిచి ఆ మొదటి గ్రాఫ్ గీసేయండి.